ఈ మార్పు పాత కోడుతో పొసగుతుందా? విడుదలకు ముందు తేల్చుకునే పద్ధతి

2024 జులైలో రస్ట్ ప్రోగ్రామింగ్ భాష 1.80 వెర్షన్ విడుదలైంది. వెంటనే, తేదీల లెక్కల కోసం విస్తృతంగా వాడే 'టైమ్' లైబ్రరీ పాత వెర్షన్లు కంపైల్ కాకుండా, అంటే నడిచే ప్రోగ్రాముగా మారకుండా పోయాయి. వాటి మీద ఆధారపడిన ప్రాజెక్టులూ ఆగాయి. ఈ గొడవకు కారణం ఏదో తీసేయడం కాదు, కలపడం. టైమ్ లైబ్రరీ కోడులో ఒకచోట టైపు (విలువ ఏ రకమో చెప్పేది) పేరు పూర్తిగా రాయకుండా కంపైలర్ ఊహకు వదిలేశారు. అప్పటిదాకా అక్కడ సరిపోయే టైపు ఒక్కటే కాబట్టి ఊహ కుదిరేది. ప్రామాణిక లైబ్రరీలో కొత్త సౌకర్యం చేరాక సరిపోయేవి రెండయ్యాయి. ఏది ఎంచుకోవాలో తెలియక కంపైలర్ చేతులెత్తేసింది.

రస్ట్ నియమాల ప్రకారం ఇది మాట తప్పడం కాదు. టైపు ఊహలో తేడా తెచ్చే చేర్పులను చిన్న మార్పులుగానే లెక్కిస్తామని ఆ ప్రాజెక్టు ముందే రాసుకుంది. మాట తప్పలేదు, కానీ దెబ్బ తగిలింది.

ఏపీఐ (బయటి కోడు మన కోడును పిలిచే ద్వారం) మార్పుల మీద జరిగే వాదనల్లో చాలావరకు ఈ రెండింటినీ కలిపేయడం వల్లే తెగవు. 'మనం ఇచ్చిన మాట తప్పుతున్నామా?' అన్నది ఒక ప్రశ్న. 'ఎంతమందికి, ఎంత దెబ్బ తగులుతుంది?' అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు వెర్షన్ నంబరును నిర్ణయిస్తుంది. రెండోదానికి జవాబు ఆ మార్పును ఎలా విడుదల చేయాలో, అసలు చేయాలో వద్దో నిర్ణయిస్తుంది. కింది అంచెలు ఆ వరుసలోనే ఉంటాయి.

1. ముందు మాట రాసి పెట్టుకోండి

వెర్షన్ నంబరుకు అర్థం కట్టే సెమాంటిక్ వెర్షనింగ్ నియమావళి అనగానే అందరికీ మేజర్ (పాత కోడు చెడవచ్చు), మైనర్ (కొత్తవి చేరాయి), ప్యాచ్ (తప్పులు దిద్దారు) అనే మూడు అంకెలు గుర్తొస్తాయి. ఆ నియమావళిలో మొట్టమొదటి నియమం మాత్రం అంకెల గురించి కాదు. మీ పబ్లిక్ ఏపీఐ ఏదో ప్రకటించండి అన్నదే. దాన్ని దాటేసి నేరుగా అంకెల దగ్గరికి పోయే ప్రాజెక్టులే ఎక్కువ. మాట ఏమిటో రాయకుండా మాట తప్పామా లేదా అని తేల్చడం కుదరదు.

ఎలా రాయాలో చూడాలంటే గో భాష 2012 మార్చిలో వెర్షన్ 1తో పాటు ప్రకటించిన అనుకూలత పత్రం మంచి నమూనా. గో 1 నిర్దేశానికి అనుగుణంగా రాసిన ప్రోగ్రాములు ఏ మార్పూ లేకుండా తర్వాతి వెర్షన్లలోనూ కంపైలై, సరిగా నడవాలన్నది దాని సారాంశం. ఆ పత్రం గొప్పతనం హామీలో కన్నా మినహాయింపుల జాబితాలో ఉంది. భద్రతా లోపాలు, నిర్దేశంలో చెప్పని ప్రవర్తన, బగ్గులు, ఫీల్డు పేర్లు రాయకుండా నింపిన స్ట్రక్టులు (ఫీల్డుల గుంపులు), టైపు తనిఖీలను దాటేసే అన్‌సేఫ్ ప్యాకేజీ వాడకం వంటివన్నీ విడివిడిగా పేర్కొని, వీటికి మాది హామీ కాదని చెప్పేశారు. హామీ సోర్స్ (మనిషి రాసిన కోడు) స్థాయికేనని, కంపైల్ చేసిన బైనరీలకు కాదని కూడా స్పష్టం చేశారు.

మీ ప్రాజెక్టుకు ఒక్క పేజీ చాలు. ఏ ప్యాకేజీలు బయటివారివి, ఏవి లోపలి సొంతం. ఎర్రర్ సందేశంలోని మాటలు ఒప్పందంలో భాగమా, ఎర్రర్ కోడు మాత్రమేనా. జాబితా వచ్చే వరుసకు హామీ ఉందా. కనీసం ఏ భాషా వెర్షన్ కావాలి, అది పెంచితే ఎలా లెక్కిస్తారు. స్ట్రైప్ సంస్థ తన చెల్లింపుల ఏపీఐ పత్రాల్లో ఇలాంటి జాబితానే పెట్టింది. స్పందనలో కొత్త ఫీల్డులు చేరడం, ఫీల్డుల వరుస మారడం, ఐడీల పొడవూ రూపమూ మారడం తమ దృష్టిలో అనుకూలమైన మార్పులేనని ముందే చెప్పింది. ఐడీ కాలమ్‌ను ఇరవై అక్షరాలకు కుదించుకున్నవారు రేపు ఫిర్యాదు చేస్తే ఆ పేజీ చూపించవచ్చు.

సున్నాతో మొదలయ్యే వెర్షన్లకు నియమావళి ఏ హామీ కోరదు. కానీ వేలమంది ప్రొడక్షన్‌లో వాడుతున్న లైబ్రరీని ఏళ్ల తరబడి 0.9 దగ్గరే ఉంచి, ఎప్పుడేది మార్చినా 'ఇంకా 1 కాలేదు కదా' అనడం నియమం చాటున దాక్కోవడమే.

2. ఏ స్థాయిలో పొసగాలో తేల్చండి

'పొసగడం' ఒక్కటి కాదు. పాత సోర్స్ కొత్త వెర్షన్‌తో కంపైల్ కావాలా? ఇప్పటికే కంపైలైన బైనరీ అలాగే నడవాలా? నడిచి అదే ఫలితం ఇవ్వాలా? నిరుడు డిస్కులో రాసుకున్న డేటాను ఈ ఏడాది కోడు చదవగలగాలా?

ఒక స్థాయిలో బాగున్నది ఇంకో స్థాయిలో చెడవచ్చు. జావాలో ఏమీ తిరిగి ఇవ్వని మెథడ్‌ను (క్లాసులోని ఫంక్షన్‌ను) మార్చి ఒక విలువ ఇచ్చేలా చేశారనుకోండి. దాన్ని మామూలుగా పిలిచే సోర్స్ మళ్లీ కంపైల్ చేస్తే ఏ ఇబ్బందీ ఉండదు. కంపైలై ఉన్న పాత క్లాస్ ఫైలు మాత్రం నడిచేటప్పుడు ఆ మెథడ్ దొరకలేదంటూ ఆగిపోతుంది, ఎందుకంటే జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎం మెథడ్‌ను వెతికే గుర్తులో తిరిగి ఇచ్చే టైపు కూడా భాగమే. అదే మెథడ్‌కు కొత్తగా ఒక చెక్డ్ ఎక్సెప్షన్ (పిలిచేవారు తప్పక పట్టించుకోవాల్సిన ఎర్రర్) తగిలిస్తే పరిస్థితి తలకిందులవుతుంది: బైనరీలు నడుస్తాయి, సోర్స్ కంపైల్ కాదు. జావా భాషా నిర్దేశంలో 13వ అధ్యాయం మొత్తం బైనరీ అనుకూలతకే కేటాయించారంటే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

మీ వినియోగదారులు అందరూ సోర్స్ నుంచే కడతారా, లేక ఇతరులు కట్టిన ప్లగిన్‌లు మీ లైబ్రరీ మీద నడుస్తాయా అన్నదాన్ని బట్టి స్థాయి ఎంచుకోండి. వెబ్ సర్వీసయితే సోర్స్, బైనరీ ప్రశ్నలు ఉండవు. తీగ మీద వెళ్లే డేటా రూపమే ఒప్పందం.

3. అవతలి వ్యక్తి ఎటువైపు ఉన్నాడో చూడండి

నేను ఎక్కువ సమయం వెచ్చించేది ఈ అంచె మీదే. ఒకే మార్పు ఒక వైపు వారికి వరం, ఇంకో వైపు వారికి శాపం కావచ్చు.

ఇంటర్‌ఫేస్‌కు, అంటే ఏ మెథడ్‌లు ఉండాలో చెప్పే జాబితాకు, కొత్త మెథడ్ కలిపితే దాన్ని పిలిచేవారికి ఏ నష్టమూ లేదు. దాన్ని అమలు చేసినవారి కోడు మాత్రం ఆగిపోతుంది, వారి దగ్గర ఆ మెథడ్ లేదు కాబట్టి. జావా 8లో, అంటే 2014లో, ఇంటర్‌ఫేస్‌లలో డిఫాల్ట్ మెథడ్‌లు (కోడు సిద్ధంగా ఉన్నవి) తేవడానికి ముఖ్య కారణం ఇదే. కలెక్షన్ ఇంటర్‌ఫేస్‌కు స్ట్రీమ్ వంటివి కలపాలి, లోకంలో దాన్ని అమలు చేసిన లెక్కలేనన్ని క్లాసులు చెడకూడదు.

గోలో ఆ వెసులుబాటు లేదు. అందుకే డేటాబేస్ లైబ్రరీకి 2017లో నడుస్తున్న క్వెరీని మధ్యలో రద్దు చేసే సౌకర్యం తేవాల్సి వచ్చినప్పుడు పాత 'క్వెరీ' ఫంక్షన్‌ను ముట్టుకోకుండా పక్కన 'క్వెరీకాంటెక్స్ట్' అనే కొత్తదాన్ని పెట్టారు. డ్రైవర్లు రాసేవారికి కూడా పాత ఇంటర్‌ఫేస్‌ను పెంచకుండా, ఇష్టమైతే అమలు చేసుకునే కొత్త ఇంటర్‌ఫేస్ ఇచ్చారు. ఇంకో ఉపాయం టెస్టింగ్ ప్యాకేజీలో ఉంది. అక్కడి 'టీబీ' ఇంటర్‌ఫేస్‌లో బయటివారు రాయలేని ప్రైవేట్ మెథడ్ ఒకటి కావాలనే పెట్టారు. బయట ఎవరూ అమలు చేయలేరు కనుక, రేపు మెథడ్‌లు కలిపినా మాట తప్పినట్టు కాదు. కొత్తగా ఏపీఐ రాసేటప్పుడే 'దీన్ని పిలవడానికి ఇస్తున్నానా, అమలు చేయడానికి ఇస్తున్నానా?' అని అడిగి ఆ తలుపు ముందే వేయాలి. తర్వాత వేయడమే ఒక బ్రేకింగ్ ఛేంజ్, అంటే పాత కోడును చెడగొట్టే మార్పు అవుతుంది.

విలువల విషయంలోనూ ఇదే దిశ పనిచేస్తుంది. తీసుకునేదాన్ని సడలించవచ్చు, ఇచ్చేదాన్ని బిగించవచ్చు, తిరగేస్తే చెడుతుంది. పిన్‌కోడ్ ఇస్తే జిల్లా పేరు చెప్పే సర్వీసు ఉందనుకుందాం. ఇన్నాళ్లూ ఆరు అంకెలు కలిపి రాస్తేనే తీసుకునేది. ఇకపై మధ్యలో ఖాళీ ఉన్నా తీసుకుంటుందంటే ఎవరికీ నష్టం లేదు. రాష్ట్రం పేరు కూడా తప్పనిసరిగా పంపాలంటే నిన్నటి క్లయింట్లన్నీ ఆగిపోతాయి. ఎప్పుడూ వచ్చే జిల్లా పేరు ఇక కొన్నిసార్లు ఖాళీగా వస్తుందంటే అదీ బ్రేకింగ్ ఛేంజే.

జిల్లాల జాబితాకే కొత్త పేర్లు చేరితే? దీని మీద జట్లు తగవులాడుకుంటాయి. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. జిల్లాను మూసిన జాబితాగా, అంటే ఇనమ్‌గా ప్రకటించి ఉంటే ప్రతి చేర్పూ బ్రేకింగే: క్లయింటు కోడు తెలియని విలువ చూసి కూలిపోతుంది. మామూలు అక్షరాల వరుసగా ప్రకటించి, కొత్త విలువలు రావచ్చని రాసి ఉంటే కాదు. తెలంగాణ వాహనాల రిజిస్ట్రేషన్ కోడు 2024 మార్చిలో టీఎస్ నుంచి టీజీకి మారడమూ అలాంటిదే. ఆ రెండక్షరాలు కోడులో స్థిరంగా రాసుకున్న ప్రతి తనిఖీ మళ్లీ రాయాల్సిందే. రస్ట్ 1.40లో వచ్చిన నాన్ ఎగ్జాస్టివ్ అనే గుర్తు ఈ సంగతిని కంపైలర్‌కే అప్పగిస్తుంది. ఆ గుర్తున్న ఇనమ్‌ను బయటి లైబ్రరీలో వాడేవారు 'ఇంకేదైనా వస్తే ఏం చేయాలి' అనే భాగం రాయక తప్పదు.

టైపు మారకుండా విలువ పెరిగినా చిక్కే. 2010లో ట్విటర్ ఐడీలు పెద్దవయ్యాయి. అవి పేరుకు అంకెలే, కానీ జావాస్క్రిప్ట్ 2 ఘాతం 53 దాటిన పూర్ణాంకాలను కచ్చితంగా పట్టుకోలేదు. అందుకే అదే ఐడీని అక్షరాల రూపంలో ఇచ్చే రెండో ఫీల్డు కలపాల్సి వచ్చింది.

డిఫాల్ట్ విలువల గురించి ఒక్క మాట. పేజీకి 100 వరుసలు ఇచ్చే సర్వీసు ఇకపై 50 ఇస్తే, రెండో పేజీ ఎన్నడూ అడగని క్లయింటు సగం డేటా పోగొట్టుకుంటుంది, ఎర్రర్ కూడా రాదు. డిఫాల్ట్ మార్పును నేనెప్పుడూ బ్రేకింగ్ కిందే రాస్తాను.

4. చేర్పులను కూడా అనుమానించండి

'కలిపాం కానీ తీయలేదు' అన్నది వాదన కాదు. కొత్త పేరు పాత పేరుతో ఢీకొనవచ్చు. 2018లో జావాస్క్రిప్ట్ అరేలకు 'ఫ్లాటెన్' అనే మెథడ్ కలపబోతే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరుతో తన సొంత మెథడ్ తగిలించుకుని ఉందని, దాన్ని వాడే సైట్లు చెడతాయని తేలింది. చివరికి 'ఫ్లాట్' అనే పేరుతో వచ్చింది. పైథాన్ 3.7లో 'ఎసింక్', 'అవెయిట్' పదాలు భాషకే కేటాయించడంతో, 'ఎసింక్' అనే పేరుతో పారామీటర్లు పెట్టుకున్న లైబ్రరీలు వాటిని మార్చుకోవాల్సి వచ్చింది.

గోలో ఒక ఫంక్షన్ చివర ఐచ్ఛిక పారామీటర్లు కలిపితే పాత పిలుపులన్నీ కంపైల్ అవుతాయి కాబట్టి భద్రమని అనుకుంటారు. ఆ ఫంక్షన్‌ను ఒక వేరియబుల్‌లో పెట్టుకున్న కోడు ఆగుతుంది, దాని టైపు మారిపోయింది కాబట్టి. స్ట్రక్టుకు స్లైస్ (నేరుగా పోల్చడానికి వీల్లేని జాబితా) రకం ఫీల్డు కలిపితే ఆ స్ట్రక్టులను సమానమా అని పోల్చే కోడంతా కంపైల్ కాదు. ఇవి ఎదురైనప్పుడు అడగాల్సింది మొదటి అంచెలోని ప్రశ్నే: పోల్చుకోవచ్చని మనం ఎక్కడైనా చెప్పామా?

5. రాయని ప్రవర్తన దగ్గర రెండో ప్రశ్న మొదలవుతుంది

గూగుల్‌లో ఇంజినీరుగా పనిచేసిన హైరం రైట్ పేరుతో ఒక సూత్రం ప్రచారంలో ఉంది. వాడేవారు తగినంతమంది ఉంటే, ఒప్పందంలో మీరు ఏం రాసినా, బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారు. గో హెచ్‌టీటీపీ ప్యాకేజీలో, అభ్యర్థన పరిమాణం మించిందని చెప్పే ఎర్రర్ సందేశం పక్కనే, హైరం సూత్రం కారణంగా ఈ మాటలు మార్చడానికి వీల్లేదని వ్యాఖ్య రాసి ఉంటుంది. ఎర్రర్‌కు సరైన టైపు లేని రోజుల్లో జనం ఆ వాక్యాన్నే అక్షరం అక్షరం పోల్చుకున్నారు మరి.

ఇదే గో మరోచోట కఠినంగా ఉంది. మ్యాప్‌లోని అంశాలు ఏ వరుసలో వస్తాయో నిర్దేశం చెప్పదు. ఎవరూ ఒక వరుసకు అలవాటు పడకూడదని వెర్షన్ 1 నాటికే ఆ వరుసను కావాలని కలగాపులగం చేశారు. హామీ లేనిదాన్ని మొదటి రోజు నుంచే నమ్మలేనిదిగా కనిపించేలా చేయడం, తర్వాత పదేళ్లపాటు దాన్ని మోయడం కన్నా ఎంతో చవక. పైథాన్ వేరే దారి పట్టింది. 3.6లో డిక్షనరీలు చేర్చిన వరుసను కాపాడడం కేవలం అమలులోని విశేషం. జనం దానికి అలవాటు పడతారని గ్రహించి 3.7లో దాన్నే హామీగా మార్చారు.

లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ అనుభవం మూడో రకం. 2010 చివర్లో ఫెడోరా 14 అనే లైనక్స్ వ్యవస్థలో, మెమరీని నకలు చేసే మెమ్‌కాపీ అనే ఫంక్షన్ వేగంగా మారింది. ఒకదానిపై ఒకటి పడే మెమరీ ప్రాంతాలకు దాన్ని వాడకూడదని ప్రమాణం ఎప్పుడో చెప్పింది. 64 బిట్ ఫ్లాష్ ప్లేయర్ అలాగే వాడుతోంది, శబ్దం గరగరలాడింది. నిబంధన ప్రకారం తప్పు ఫ్లాష్‌దే. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మాత్రం మామూలు వినియోగదారుకు ఆ వాదనతో పనిలేదని గట్టిగా పట్టుబట్టారు. చివరికి జీలిబ్‌సీ 2.14లో ఆ ఫంక్షన్‌కు కొత్త వెర్షన్ గుర్తు ఇచ్చి, పాత బైనరీలకు సురక్షితమైన పాత ప్రవర్తనే దక్కేలా చేశారు. మాట తప్పకపోయినా దెబ్బను తగ్గించడమంటే ఇదే.

భద్రత విషయం వేరు. గో 1.17లో ఐపీ చిరునామాల్లో ముందు సున్నాలుంటే తిరస్కరించడం మొదలుపెట్టారు. 010 అన్నదాన్ని కొన్ని వ్యవస్థలు పదిగా, కొన్ని ఎనిమిదిగా చదువుతాయి. ఆ తేడాలోంచి దాడి చేయవచ్చు. ఇది స్పష్టంగా పాత కోడును ఆపే మార్పే, మినహాయింపుల జాబితాలో ముందే ఉంది కాబట్టి మైనర్ విడుదలలోనే వెళ్లింది.

6. దెబ్బను కొలవండి

మొదట యంత్రానికి అప్పగించగలిగింది అప్పగించండి. గోకు ఏపీఐడిఫ్, రస్ట్‌కు కార్గో సెమ్‌వర్ చెక్స్, జావాకు జాపీసీఎంపీ, ప్రోటోబఫ్ అనే డేటా రూపానికి బఫ్, వెబ్ ఏపీఐలను వివరించే ఓపెన్ ఏపీఐ పత్రాలకు ఓఏఎస్‌డిఫ్. ప్రతి పుల్ రిక్వెస్టు (మార్పును కలపమనే అభ్యర్థన) మీద ఇవి నడిస్తే పేర్లు, టైపులు, ఫీల్డు నంబర్ల గొడవలు మనిషి కంటపడక ముందే దొరుకుతాయి. ఐదో అంచెలోని సంగతులు మాత్రం ఈ పరికరాలకు కనిపించవు. వాటికోసం మీ మీద ఆధారపడిన ప్రాజెక్టులు కొన్ని తెచ్చుకుని, వాటి టెస్టులను కొత్త వెర్షన్‌తో నడిపి చూడాలి.

తర్వాత మూడు సంగతులు అంచనా వేయండి: ఎంతమంది, సరిచేయడం ఎంత కష్టం, చెడినప్పుడు తెలుస్తుందా. నేను మూడోదానికే ఎక్కువ బరువు ఇస్తాను. కంపైల్ దశలో ఆగిన కోడును ఆ మధ్యాహ్నమే సరిచేస్తారు. నిశ్శబ్దంగా తప్పు మొత్తం లెక్కగట్టే బిల్లింగ్ కోడు నెలాఖరుకు గానీ బయటపడదు. ప్రవర్తన మారక తప్పదనుకుంటే పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టండి, కోడు కేకపెట్టి ఆగనివ్వండి.

7. నంబరు ఒకటి, దారి ఇంకొకటి

మాట తప్పలేదు, దెబ్బా లేదు: మైనర్ లేదా ప్యాచ్, ఆలోచించకండి. మాట తప్పారు: మేజర్, దెబ్బ చిన్నదైనా సరే. మధ్యలో మిగిలేది మాట తప్పకపోయినా దెబ్బ తగిలే రకం. దీనికి మేజర్ నంబరు అక్కర్లేదు, కానీ తప్పించుకునే దారి ఇవ్వాలి.

గో 1.20లో రాండమ్ ప్యాకేజీ ప్రతిసారీ ఒకే వరుస ఇవ్వడం మానేసింది; పాతదే కావాలంటే గోడీబగ్ అనే పర్యావరణ వేరియబుల్‌తో తెచ్చుకోవచ్చు. 1.21 నుంచి ఈ మీటలను ప్రాజెక్టు ఫైలులో రాసుకున్న గో వెర్షన్‌కే ముడిపెట్టారు: కొత్త కంపైలర్ వాడినా, ఫైలులో పాత వెర్షన్ ఉంటే పాత ప్రవర్తనే. 1.22లో లూప్ వేరియబుల్ అర్థాన్నే మార్చగలిగారంటే ఇదే పద్ధతి వల్ల. ఫైలులో 1.22 అని రాసుకున్నవారికే కొత్త అర్థం వర్తిస్తుంది. వెబ్ సర్వీసుల్లో స్ట్రైప్ చేసేది దీనికి దగ్గరే, వెర్షన్లకు తేదీల పేర్లు పెట్టి ప్రతి ఖాతాను ఒక తేదీకి కట్టి ఉంచుతుంది.

మేజర్ వెర్షన్ ఉచితం కాదని గుర్తుంచుకోండి. గోలో రెండో మేజర్ నుంచి ఇంపోర్టు దారిలోనే ఆ అంకె చేరుతుంది కాబట్టి రెండూ ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన ఉండగలవు. ఆ వీలు లేని భాషల్లో, ఒక లైబ్రరీ పాతది కోరి ఇంకొకటి కొత్తది కోరితే వినియోగదారు మధ్యలో నలిగిపోతాడు.

8. తీసేయాల్సి వస్తే

పైథాన్ విధానం ప్రకారం హెచ్చరిక కనీసం రెండు మైనర్ వెర్షన్లలో కనిపించాకే తొలగింపు. ఆచరణలో ఇంకా ఎక్కువే పట్టవచ్చు: కలెక్షన్స్ మాడ్యూల్‌లోని పాత పేర్లకు 3.3లోనే కొత్త చోటు చూపించారు, పాతవి పోయింది 3.10లో, 2021లో. అప్పుడూ చాలా ప్యాకేజీలు ఆగాయి. గడువు ఒక్కటే చాలదు, హెచ్చరిక కళ్లబడాలి. అది నడిచేటప్పుడు కనిపించాలి, ఏ వెర్షన్‌లో పోతుందో, బదులుగా ఏది వాడాలో అందులోనే ఉండాలి. వెబ్ ఏపీఐలయితే మూసే తేదీ చెప్పడానికి 'సన్‌సెట్' అనే హెడర్ ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 8594 అనే ఇంటర్నెట్ పత్రంలో నిర్వచించారు. ప్రోటోబఫ్‌లో ఫీల్డు తీసేస్తే దాని నంబరును రిజర్వ్ చేసి వదిలేయండి. ఇంకో అర్థంతో మళ్లీ వాడితే పాత డేటా తప్పుగా చదువుకుంటుంది.

ఇంత చూసినా బ్రేకింగ్ ఛేంజ్ ఒకటి పొరపాటున మైనర్ విడుదలలో వెళ్లిపోతే, సమర్థించుకోవడానికి మినహాయింపులు వెతక్కండి. సెమాంటిక్ వెర్షనింగ్ ఇచ్చే సలహా సూటిగా ఉంది: పాత ప్రవర్తనను తిరిగి తెచ్చే ఇంకో విడుదల వెంటనే చేయండి, చెడిన వెర్షన్ ఏదో పత్రాల్లో చెప్పండి. ప్రచురించిన నంబరులోని కోడును మాత్రం మార్చవద్దు. గోలో రిట్రాక్ట్, రస్ట్ ప్యాకేజీ పరికరం కార్గోలో యాంక్ ఉన్నది ఇందుకే. కొత్తగా ఎవరూ ఆ వెర్షన్ ఎంచుకోకుండా చూస్తాయి, ఇప్పటికే దానికి కట్టుబడినవారి బిల్డు మాత్రం ఆగదు.